ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర డిసెంబరు 21 పొద్దుపొడుపు – వెళ్లినవాళ్లు చెప్పండి

రాత్రిబాటసారి (హైదరాబాద్) · డిసెంబరు 9

అందరికీ నమస్కారం. ఈ నెల 21న సూర్యుడు ఏడాది మొత్తంలో అన్నిటికంటే దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. ఈసారి అది ఆదివారం, పైగా అమావాస్య దాటిన మర్నాడు. అంటే చీకటి ఆకాశం, తెల్లారితే అయనాంతపు పొద్దు, రెండూ ఒకే రాత్రికి దొరుకుతాయి. ఆ రాత్రి నారాయణపేట జిల్లా కృష్ణా మండలం ముడుమాల్‌లో గడపాలని ఉంది. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరిన, వేల ఏళ్ల నాటి నిలువురాళ్ల చోటు అదే.

ఇప్పటికి రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ మిట్టమధ్యాహ్నమే. రాళ్లు చూశాను, ఫోటోలు తీసుకున్నాను, వచ్చేశాను. ఇంటికొచ్చాక మనసంతా వెలితిగా అనిపించింది. ఆకాశం చూడటానికి పాతిన రాళ్లంటారు కదా, ఆకాశంలో చూడటానికి ఏదీ లేని వేళకు వెళ్లి నేను చూసిందేమిటి? అందుకే ఈసారి రాత్రికి, తెల్లవారుజాముకు అక్కడుండాలి. దారి, బస, అనుమతి సంగతులు తెలిసినవాళ్లు చెప్పగలరా? సప్తర్షి మండలం ఆకారంలో ఏడు గుంతలు చెక్కిన రాయి ఎటువైపు ఉందో కూడా చెప్తే మేలు. ఆ రెండుసార్లూ నాకది కనబడలేదు.

చెలకగట్టు (మక్తల్ దగ్గర) · డిసెంబరు 9

అన్నా, మా మేనమామలది ఆ పక్క ఊరే. చిన్నగున్నప్పుడు సెలవులకు పోతే ఆ రాళ్ల నడుమనే మేకలు మేపుకుంట తిరిగినం. మేం నిలురాళ్లు అంటం. ఊరోళ్లకు అది నిలురాళ్ల తిమ్మప్ప. ఒక రాయికి ఎల్లమ్మ అని పసుపు కుంకుమ పెడ్తరు. గందుకే ముందుగాల ఒక మాట చెప్త, ఏమనుకోకు. అది చూసి పోయే జాగనే కాదు, మొక్కే జాగ. రాళ్లెక్కుడు, ఆనుకొని ఫోటోలు దిగుడు, చెప్పులతోని ఎల్లమ్మ కాడికి పోవుడు, ఇవేవీ వద్దు. రాత్రి పూట చెప్పకుండ పోతే ఊర్ల భయపడ్తరు. నేను మా మామకు ఫోన్ చేసి పెద్దమనుషులకు చెప్పిస్త. నువ్వు ఎంతమందితోని వస్తవో చెప్పు.

దారంటే, మహబూబ్‌నగర్, దేవరకద్ర, మరికల్, మక్తల్ మీదుగ కృష్ణ దాక. హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్ల చిల్లర పడ్తది. రైలుకు కృష్ణా స్టేషన్ ఉంది గని అన్ని బండ్లు ఆగవు. రాయచూర్ల దిగి నది దాటి ఇటు వచ్చుడు నయం. లాడ్జీలు గూడ రాయచూర్లనే ఉన్నయ్. ఊర్ల ఏం దొరకదు, నీళ్లు, తిండి నువ్వే తెచ్చుకోవాలె.

తాళపత్రం · డిసెంబరు 10

ఈ చోటు గురించి పాత వ్యాసాలు వెతికేవాళ్లకు ఒక చిన్న సంగతి. వాటిలో ముడుమాల్ అని కాక, పక్కనున్న మురహరిదొడ్డి పేరుతో ఉంటుంది. ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త 1956లో దక్షిణ హైదరాబాద్ ప్రాంతపు రాళ్ల వరుసలన్నిటినీ ఒకచోట చేర్చి రాశాడు. ఇది అందులో ఉంది. అప్పుడే ఆయన వీటిని సమాధులతో కలపకుండా వేరుగా పెట్టాడు. తర్వాత 2011లో బెంగళూరు ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు గారు, మరో ఇద్దరు కలిసి కొలతలు తీసి, సూర్యచంద్రుల ఉదయాస్తమయాలను గుర్తుపట్టడానికి ఈ రాళ్లు పనికొచ్చి ఉంటాయని రాశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులుగా ఉన్న కె.పి. రావు గారు ఏళ్ల తరబడి ఇక్కడ పనిచేశారు. సప్తర్షి గుంతల రాయి సంగతి లోకానికి తెలిసింది ఆయన వల్లే.

సుమారు ఎనభై ఎకరాల మేర పది నుంచి పద్నాలుగు అడుగుల పెద్ద రాళ్లు ఎనభై దాకా, చిన్న రాళ్లు వేలల్లో ఉన్నాయి. చుట్టుపక్కల సమాధుల రాతి వలయాలూ ఉన్నాయి. వయసు 3,500 నుంచి 4,000 ఏళ్లని పరిశోధకుల అంచనా.

ఇక నా అభ్యంతరం. ఎనభై రాళ్లున్న చోట ఏ రెండిటిని కలిపినా ఒక గీత వస్తుంది. అలా 3,160 గీతలు. ప్రతి గీతా రెండు వైపులకూ చూపిస్తుంది కాబట్టి 6,320 దిక్కులు. క్షితిజం చుట్టూ ఉన్నవి 360 డిగ్రీలే. ఒక్కో డిగ్రీకి సగటున పదిహేడు, పద్దెనిమిది గీతలు పడతాయి. అయనాంతపు సూర్యుడివైపు చూపే జోడీ దొరక్కపోతేనే వింత. ఆ చోటు మీద నాకున్న ప్రేమ ఎవరికన్నా తక్కువ కాదు. ప్రేమ ఉంది కాబట్టే దాని మీద లేనిపోని భారం మోపడం నచ్చదు.

చుక్కలచీర (విశాఖపట్నం) · డిసెంబరు 10

తాళపత్రం గారూ, లెక్క సరైనదే. అయితే ఇష్టమొచ్చిన రెండు రాళ్లను ఏరుకుంటేనే ఆ లెక్క వర్తిస్తుంది. ముడుమాల్‌లో పెద్ద రాళ్లు ఇరవై, ఇరవై అయిదు అడుగుల ఎడంతో, ఇంచుమించు చదరపు గళ్లలా ఉన్నాయి. గళ్లు పడ్డాయంటే పాతినవాళ్ల మనసులో ముందే దిక్కులున్నట్టే కదా? అడగాల్సింది "ఏదో ఒక జోడీ సూర్యుడికి సరిపోయిందా" అని కాదు, "వరుసల దిక్కే సూర్యుడికి సరిపోయిందా" అని. అప్పుడు పోల్చాల్సిన దిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగులుతాయి.

బాటసారి గారికి ఉపయోగపడే అంకెలు కొన్ని ఇస్తున్నాను. ముడుమాల్ అక్షాంశం 16.4 డిగ్రీలకు దగ్గర. అక్కడ డిసెంబరు 21న సూర్యుడు నికరమైన తూర్పుకు 24.5 డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు, జూన్ 21న అంతే ఉత్తరంగా. ఏడాది పొడుగునా సూర్యోదయం 49 డిగ్రీల మేర ఊగుతుందన్నమాట. చెయ్యి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు, అంటే అయిదు పిడికిళ్లు. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ దగ్గర ఇదే ఊపు ఎనభై డిగ్రీల దాకా ఉంటుంది. మన దగ్గర పొద్దు తక్కువ మేర జరుగుతుంది కాబట్టి దాన్ని పట్టుకోవడానికి ఇంకా ఓపికగా కనిపెట్టాలి.

మూడున్నర వేల ఏళ్లలో ఇదంతా మారిపోయి ఉండదా అని ఎవరైనా అడిగేలోపే చెప్తాను. చాలా కొద్దిగా మారింది. భూమి అక్షం వంపు ఇప్పుడు 23.4 డిగ్రీలు, అప్పుడు 23.9కి దగ్గర. అయనాంతపు సూర్యోదయం అప్పటికీ ఇప్పటికీ సూర్యబింబమంత వెడల్పు కూడా జరగలేదు. చుక్కల సంగతి వేరు, అవి చాలా జరిగాయి. అప్పట్లో మన ధ్రువ నక్షత్రం ధ్రువం దగ్గర లేదు. సప్తర్షులు ఇప్పటికంటే ధ్రువానికి దగ్గరగా తిరిగేవి. కొట్టొచ్చినట్టు కనబడే చుక్క ధ్రువం దగ్గర లేనప్పుడు ఉత్తరాన్ని పోల్చుకోవడానికి ఆ ఏడే పెద్ద ఆసరా అయ్యుంటాయని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

బడిగంట (వనపర్తి) · డిసెంబరు 11

ప్రభుత్వ పాఠశాలలో సామాన్య శాస్త్రం చెప్తాను. ఒకరోజు పిల్లలు అడిగారు, "సార్, ఉత్తరాయణం సంక్రాంతికి కదా, మీరు డిసెంబరు 21 అంటున్నారేంటి?" అని. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22లోనే. సంక్రాంతి అనేది మకర రాశి ప్రవేశం. ఒకప్పుడు ఆ రెండూ ఒకేరోజు పడేవి, భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల ఇప్పుడు మూడు వారాలకు పైగా ఎడం వచ్చింది. బోర్డు మీద ఎంత చెప్పినా వాళ్లకు పట్టలేదు. చివరికి బడి డాబా మీద ఒక చోట సున్నంతో గీత గీసి, వారానికోసారి అక్కడే నిలబడి పొద్దు ఏ చెట్టు దగ్గర పొడిచిందో రాయమన్నాను. నవంబరులో నీళ్ల ట్యాంకు పక్కన పొడిచింది ఇప్పుడు ఊరవతల తాటిచెట్ల దగ్గరికి పోయింది. ఆ కాపీ పుస్తకం చూస్తుంటే నాకే ఒళ్లు పులకరిస్తోంది.

మా నాన్న రైతు. క్యాలెండరు చూడకుండానే రోహిణి కార్తె, మృగశిర కార్తె, ఆరుద్ర కార్తె అని చెప్పేవాడు. మృగశిర జూన్ మొదటి వారం దాటాక, ఆరుద్ర 22 ప్రాంతంలో. పొద్దు ఉత్తరపు కొసకు చేరడం, తొలకరి అదునుకు విత్తనం వెయ్యడం, రెండూ ఆ పక్షం రోజుల్లోనే. ముడుమాల్‌లో రాళ్లు పాతినవాళ్లకు ఈ అవసరం ఉండే ఉంటుంది. వాన ఎప్పుడొస్తుందో తెలియక గింజలు పోగొట్టుకున్న ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు మొదట తట్టేది అదే.

లూయిస్_గాలి (స్కాట్లండ్) · డిసెంబరు 11

మాది తెనాలి దగ్గర. పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ముడుమాల్ చూడలేదు కానీ లూయిస్ దీవిలోని కాలనిష్ రాళ్ల దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాను. పడవ దాటి, చెట్టన్నది లేని పచ్చిక మైదానాల్లో చాలాసేపు ప్రయాణం. వలయంలో పదమూడు రాళ్లు, నడుమ మనిషికి రెండున్నర రెట్లకు పైగా ఎత్తున ఒక రాయి. దాదాపు అయిదు వేల ఏళ్ల నాటివి. అక్కడివాళ్లు ఎదురుచూసేది చంద్రుడి కోసం. పద్దెనిమిదిన్నర ఏళ్లకోసారి చంద్రుడు తన దక్షిణపు కొసకు దిగి, కొండల మీద పాకుతున్నట్టు తక్కువ ఎత్తులో వెళ్తాడు. ఆ అదను 2024, 2025లలో వచ్చింది. రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ మబ్బు, వాన. మళ్లీ 2043 ప్రాంతంలో.

అప్పుడు ఒకటి అర్థమైంది. అంత మబ్బు దేశంలో, పద్దెనిమిదేళ్లకోసారి వచ్చేదాన్ని కనిపెట్టాలంటే ఒక మనిషి ఆయుష్షు చాలదు. చూసినవాడు పిల్లలకు చెప్పాలి, వాళ్లు గుర్తుంచుకోవాలి. మీకు డిసెంబరులో మబ్బు లేని ఆకాశం ఉంది. వదులుకోకండి బాటసారి గారూ.

తాళపత్రం · డిసెంబరు 12

చుక్కలచీర గారి సవరణ ఒప్పుకుంటున్నాను. వరుసల దిక్కు అన్నది న్యాయమైన ప్రశ్న. కర్ణాటకలో యాదగిరి జిల్లా హనమ్‌సాగర్, విభూతిహళ్లిలలో కూడా ఇలాగే గళ్లుగా రాళ్లున్నాయి. మూడు చోట్లా ఒకే పద్ధతి ఉందా అని చూడటం నా దృష్టిలో అసలైన పరీక్ష. బాటసారి గారూ, వెళ్తే ఒక సాయం చేయండి. సూర్యుడు పొడిచాక దానికి సరిపోయే జోడీని వెతకొద్దు. ముందురోజే రెండు వరుసలు ఎంచుకుని, వాటి దిక్కు కాగితం మీద రాసుకుని, తెల్లారి సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే ఆ మాటే రాయండి. ఫోన్ దిక్సూచిని నమ్మొద్దు, నాలుగైదు డిగ్రీలు ఇట్టే తప్పుతుంది. రాత్రి ధ్రువ నక్షత్రంతో ఉత్తరం సరిచూసుకోండి.

రాత్రిబాటసారి · డిసెంబరు 23

క్షమించాలి, రాయడం ఆలస్యమైంది. వివరంగా రాస్తున్నాను.

20వ తేదీ మధ్యాహ్నం నేను, మా తమ్ముడు రాయచూరు చేరాం. సాయంత్రం ముడుమాల్ వెళ్లాం. చెలకగట్టు తమ్ముడి మామ గారు ఊరి మొదట్లోనే నిలబడి ఉన్నారు. ఆయన మాతోపాటు నడుస్తూ ఏ రాయినీ చూపించి ఇది ఫలానా అనలేదు. ఎల్లమ్మ దగ్గర మాత్రం ఆగి దణ్ణం పెట్టుకున్నారు. మేమూ పెట్టుకున్నాం. గుంతల రాయి దగ్గరికి ఆయనే తీసుకెళ్లారు. మధ్యాహ్నపు ఎండలో నేను రెండుసార్లు దాని పక్కనుంచే వెళ్లి ఉంటాను. నేలబారు వెలుగులో తప్ప ఆ గుంతలు కనిపించవు. పొద్దు వాలుతుంటే ఒక్కో గుంతలోకీ నీడ దిగి, ఉన్నట్టుండి ఏడూ తేలాయి. దాని మీద సుద్దముక్కతో గియ్యడం, నీళ్లు పొయ్యడం దయచేసి ఎవరూ చెయ్యొద్దు. సాయంత్రం దాకా ఆగితే చాలు.

తాళపత్రం గారు చెప్పినట్టే చీకటి పడకముందే రెండు వరుసలు ఎంచుకున్నాను. పురికొస, లంబసూత్రం పట్టుకెళ్లాను. రాళ్లకు ఏదీ కట్టలేదు, తమ్ముడు ఒక చివర, నేను ఒక చివర నిలబడి పట్టుకున్నాం. చెక్కని రాళ్లు, కింద లావు, పైన సన్నం, కొన్ని ఒంగాయి. వరుస నడిమి గీత ఎక్కడని పెట్టుకోవాలో తెలియడమే కష్టమైంది.

రాయచూరు వెళ్లి పడుకుని మూడున్నరకు లేచాం. నాలుగున్నరకు మళ్లీ రాళ్ల దగ్గర ఉన్నాం. చలి గట్టిగానే ఉంది. నది అవతలి గట్టున శక్తినగర్ థర్మల్ విద్యుత్కేంద్రం దీపాల వల్ల ఆ దిక్కున చుక్కలు పలచబడ్డాయి. ఉత్తరం మాత్రం నల్లగా, నిండుగా ఉంది. సప్తర్షులు బోర్లించిన గరిటెలా ఉత్తరాన పైకెక్కి ఉన్నాయి. వశిష్ఠుడి పక్కన అరుంధతిని మా తమ్ముడు నాకంటే ముందు పట్టాడు. గరిటె మూతిలోని పులహ, క్రతువు చుక్కలను కలిపి కిందికి దిగితే ధ్రువ నక్షత్రం, నేలకు పదహారు డిగ్రీలే, పిడికిలిన్నర ఎత్తులో. ఏడు చుక్కల్ని చూడటం, రాతి మీది ఏడు గుంతల్ని చూడటం, ఒకే చోట నిలబడి మెడ అటూ ఇటూ తిప్పుతూ ఎంతసేపు ఉండిపోయానో తెలియదు. గుంతలు చేసిన మనిషి కూడా చలిలో ఇలాగే మెడ తిప్పి ఉంటాడు. ఒకసారి పైకి, ఒకసారి రాతి మీదికి.

ఆరు నలభై దాటాక పొద్దు పొడిచింది. తూర్పున సన్నని మంచు, బింబం ఎర్రగా, అంచులు స్పష్టంగా. ఫలితం ఉన్నదున్నట్టు చెప్తున్నాను. నేను ఎంచుకున్న రెండు వరుసల్లో ఏదీ సరిగ్గా సూర్యుడి మీద పడలేదు. ఒకటి కొన్ని డిగ్రీల తేడాతో తప్పింది, రెండోది బాగా దూరం. తాడుతో, కంటితో తీసిన కొలత కాబట్టి దీన్ని బట్టి పరిశోధకులు రాసింది తప్పని నేను అనలేను. నాకు దొరకలేదని మాత్రం అంటాను.

కానీ నేను ఊహించనిది ఒకటి జరిగింది. నీడలు. పొద్దు పొడిచిన మొదటి నిమిషాల్లో ఒక్కో రాయి నీడ చేలల్లోకి పోయి కంటికి ఆననంత పొడుగు. ముప్పావుగంటకు సూర్యుడు పది డిగ్రీలు ఎక్కేసరికి పన్నెండడుగుల రాయి నీడ అరవై ఎనిమిది అడుగులు, అంటే మూడు రాళ్ల ఎడం. ఒక రాయి నీడ ఇంకో రాయిని ఎక్కి, దాని ఒంటి మీదుగా కిందికి జారి, నేల మీదికి దిగిపోవడం నేను నిలబడి చూశాను. తొమ్మిదింటి లోపే పక్క రాయిదాకా మాత్రమే మిగిలింది. ఆ రెండు గంటలూ ఆ చోటు మొత్తం కదిలింది. మధ్యాహ్నాల్లో నేను చూసింది ఆగిపోయిన గడియారాన్నని అప్పుడు తెలిసింది. సూర్యుడి వైపు చూస్తూ నిలబడక్కర్లేదు. వీపు సూర్యుడికి పెట్టి నీడ ఏ రాయిని తాకిందో చూస్తే చాలు, కళ్లకు బాధ కూడా ఉండదు. కామేశ్వరరావు గారి వ్యాసంలో నీడల ప్రస్తావన ఉంది. కాగితం మీద చదివినప్పుడు అది నాకు ఎక్కలేదు.

చుక్కలచీర · డిసెంబరు 23

చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నాకు తోచిందొకటి. నీడతో చూసేవాళ్లకు రెండు రాళ్ల మధ్య గీత ఒక్కటే కొలత కాదు, నీడ పొడుగు కూడా కొలతే. ఏ ఋతువులో, ఏ వేళకు నీడ ఎక్కడిదాకా వస్తుందో తెలిస్తే దిక్కు, కాలం రెండూ చేతిలో ఉన్నట్టే. తాళపత్రం గారి 6,320 గీతల లెక్కకు ఇది మరో మెలిక వేస్తుందనుకుంటాను.

తాళపత్రం · డిసెంబరు 24

వేస్తుంది. సరిపోయే అవకాశాలు ఇంకా పెరుగుతాయి, కాబట్టి జాగ్రత్త కూడా పెరగాలి. అయినా బాటసారి గారూ, "దొరకలేదు" అని రాసినందుకు మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇలాంటి ప్రయాణాల గురించి నేను చదివిన చాలా రాతల్లో ఆ మాట ఉండదు. జూన్ 21న మబ్బు ఉంటుంది. మార్చి 20న, రాత్రీ పగలూ సమానమయ్యే రోజున, నేనొస్తాను. మంచి దిక్సూచి, కొలిచే టేపు తెస్తాను. అవే రెండు వరుసలు మళ్లీ తీద్దాం.

బడిగంట · డిసెంబరు 24

పిల్లల్ని తీసుకురావచ్చా? పద్దెనిమిది మంది ఉన్నారు. తాటిచెట్ల దగ్గర పొద్దు ఇప్పుడు ఆగిపోయింది, వారం నుంచి కదలడం లేదు. వెనక్కి ఎప్పుడు మళ్లుతుందా అని రోజూ డాబా ఎక్కుతున్నారు.

చెలకగట్టు · డిసెంబరు 25

సార్, పిల్లల్ని తప్పకుండ తెండ్రి. మామతోని మాట్లాడిన. ఊరోళ్లు సంతోషమే అన్నరు. పాతకాలంల చెలకలు సాపు చేసుకునేటప్పుడు కొన్ని రాళ్లు పోయినయ్, ఇగ ఉన్నయన్న ఉండాలె అని పెద్దోళ్లు ఇప్పుడంటున్నరు. పిల్లలొచ్చి అడిగితే మా ఊరి పిల్లలు గూడ అడుగుతరు.

మార్చిల అయితే పొద్దుగాల రాండ్రి. బాటసారన్న, నీకు ఇంకోటి. మే మొదటి వారంల, మల్ల ఆగస్టు మొదటి వారంల మా దగ్గర నడినెత్తిన పొద్దొస్తది గద, ఒక్క గడియ నీడ ఉండదు. చుక్కలచీర అక్క లెక్క చెప్తది. చిన్నప్పుడు గమ్మత్తుగ చూస్తుంటిమి గని ఏ రోజో గుర్తు లేదు.

చుక్కలచీర · డిసెంబరు 25

తమ్ముడూ, మే 6 అటూ ఇటూగా, ఆగస్టు 7 అటూ ఇటూగా. మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో. ఆగస్టులో మబ్బు కాబట్టి మే నమ్మకం. ఒంగిన రాళ్లకు నీడ పూర్తిగా పోదు, కాబట్టి పిల్లల కోసం నిట్టనిలువుగా ఒక గుంజ విడిగా పాతి పక్కన పెట్టుకోండి. టోపీలు, మజ్జిగ మర్చిపోవద్దు.

రాత్రిబాటసారి · డిసెంబరు 25

మే నెలకు గుంజ నేను తెస్తాను. రాళ్లకు దూరంగా, మామ గారు చూపించిన చోటే పాతుదాం. మార్చి 20కి మేమిద్దరం, తాళపత్రం గారు, బడిగంట గారి పద్దెనిమిది మంది. ఇంకా ఎవరైనా వస్తే ఇక్కడ రాయండి, మామ గారికి ముందే లెక్క చెప్పాలి.